రెండో ఇంజనుకు నీళ్లు

రొంపిచెర్లలో శివరామయ్య గారి వేరుశెనగ మిల్లులో జిలానీ ఇంజను డ్రైవరు. 1958లో పంట ఎక్కువై, మిల్లు ఆవరణ నిండా కాయ గుట్టలు పడ్డాయి. ఉన్న ఒక్క ఆయిలింజను చాలక శివరామయ్య మద్రాసు నుంచి రెండోది తెప్పించారు. రేకుల షెడ్డు పొడిగించారు. సిమెంటు దిమ్మె పోయించారు.

"మరి నీళ్లో, షావుకారు గారూ?" అని అడిగాడు జిలానీ.

ఇంజను వేడెక్కకుండా ఉండాలంటే దాని చుట్టూ చల్లటి నీళ్లు పారుతూనే ఉండాలి. మిల్లు బావి మొదటి ఇంజనుకే బొటాబొటీగా సరిపోతోంది. వాడిన వేడి నీళ్లు బయట కాలువలోకి పోతాయి.

"గోడవతల నాగమ్మ బావి లేదూ? గొట్టం వేద్దాం. నువ్వెళ్లి మాట్లాడిరా."

నాగమ్మ భర్త బతికుండగా తవ్విన బావి అది. వాడలో ముప్పై ఇళ్లవాళ్లు ఆ నీళ్లే తాగుతారు. జిలానీ వచ్చిన పని చెబితే ఆమె కోప్పడలేదు. చేంతాడు తెచ్చి చూపించింది.

"ఇప్పుడు సగం తాడు చాలుద్ది తమ్ముడూ. ఎండాకాలం మొత్తం వదిలినా బిందె మునగదు. నీ ఇంజను తాగితే మేమేం తాగాల? వద్దనటానికీ భయమే. నా కూతురు మీ మిల్లులోనే కాయలు చెరుగుద్ది."

జిలానీ మిల్లుకు తిరిగొచ్చేశాడు. కాలువ దగ్గర నిలబడి, పొగలు కక్కుతూ పారుతున్న నీళ్లను చూశాడు. వీటినే చల్లార్చి మళ్లీ పంపితే?  కాని ఇదివరకు వినుకొండలో పనిచేసేటప్పుడు వేడికి ఇంజను పగిలి అతని చెయ్యి కాలింది, ఉద్యోగం పోయింది. అయినా వెళ్లి శివరామయ్యకు చెప్పాడు.

"ఇదీ పగిలితే?" అన్నారు శివరామయ్య.

"నన్ను తీసెయ్యండి."

"నిన్ను తీసేస్తే ఇంజను అతుక్కుంటదా?" అని విసుక్కుంటూనే, "వారం రోజులు చూడు," అన్నారు.

జిలానీ షెడ్డు వెనక వెదురు బొంగులతో ఎత్తైన పందిరి కట్టి, వరసలు వరసలుగా తుమ్మకంప పరిచాడు. వేడి నీళ్లు పంపుతో పైకెక్కి, కంప మీద చుక్కలుగా రాలి, కింద తొట్టిలో పడి, మళ్లీ ఇంజనులోకి పోవాలి. మొదటిరోజు మధ్యాహ్నానికే తొట్టిలో చెయ్యి పెట్టలేకపోయాడు. ఇంజను ఆపేశాడు. శివరామయ్య వచ్చి చూసి లోపలికి వెళ్లిపోయారు. 

గోడ మీదుగా చూస్తున్న నాగమ్మ, "గాలి తగలని మూల పెట్టావేంది తమ్ముడూ? ఆడ మా కడవే సల్లబడదు, నీ తొట్టేం సల్లబడిద్ది?" అంది.

అతను చుట్టూ చూశాడు. మూడు పక్కలా గోడలే. కూలీలను పిలిచి, రెండు రోజుల్లో పందిరిని విప్పి పడమటి చేలవైపు నిలబెట్టాడు. ఈసారి గాలికి కొన్ని తుంపర్లు పక్కకు కొట్టుకుపోయినా, కంప మీద రాలే నీళ్లు చల్లబడ్డాయి. రెండో ఇంజను పొద్దుగూకేదాకా ఆడింది. తొట్టి నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయంతే. జిలానీ చెయ్యి అందులోనే ఉంచి చానాసేపు కూర్చుండిపోయాడు.

ఆవిరై తగ్గిన నీళ్లకు మిల్లు బావి నుంచే రోజూ కొన్ని బిందెలు పోసేవాళ్లు. వైశాఖంలో నాగమ్మ బావి అడుగంటింది గాని ఎండలేదు. మూడేళ్ల తర్వాత శివరామయ్య మూడో ఇంజను కొనబోతూ, ముందు జిలానీని వెంటబెట్టుకుని గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి చేలలోకి నడిచారు.