మామయ్య పాతిపెట్టిన ఎరువు

మా మామయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు పట్టుకుని చూపించినా అది తోకంటాడు. అలాంటి మనిషికి కోడల్ని కావడమే కాక, ఆయన పొలం నేను పనిచేసే మట్టి పరీక్షల ల్యాబు కిందికే రావడం నా ఖర్మ.

"నువ్వు సూదులు గుచ్చడం మొదలుపెట్టాక నా నేల ఇంకా నీరసపడింది, మట్టి డాక్టరమ్మా," అనేవాడు.

నేనేం తక్కువ తిన్నానా? "రోగి తాలూకు వాళ్ళు బయట కూర్చోవాలి మామయ్యా," అనేదాన్ని.

పొలం పక్కన ఒకప్పుడు ఇనుప సామాన్లకి పూత పూసే షెడ్డు ఉండేది. అక్కడ సామాన్లు కడిగిన నీళ్ళు ఏళ్ళ తరబడి మా పొలంలోకే దిగాయి. ఆ నీళ్ళలో కాడ్మియం అనే విషలోహం ఉంది. షెడ్డాయన చేతులు దులుపుకుని పోయాడు, విషం మాకు మిగిలింది. అక్కడ పండింది తింటే కిడ్నీలూ ఎముకలూ పాడవుతాయని పరీక్షల్లో తేలాక తిండిపంటలు ఆపించేశారు. ఆ పూట మామయ్య కంచం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా లేచిపోయాడు.

తర్వాత నేల బాగుచేసే పథకం వచ్చింది. పొద్దుతిరుగుడు వేస్తారు. ఆ మొక్క వేళ్ళతో విషాన్ని పైకి లాగి కాడల్లో, ఆకుల్లో పెట్టుకుంటుంది. పూవు, కాడ, ఆకు ఏదీ మిగల్చకుండా కోసి లారీకెక్కిస్తే, దూరంగా సిమెంటు గోతిలో పూడ్చేస్తారు. మళ్ళీ వేస్తారు, మళ్ళీ కోస్తారు. గడువు లోపల విషం తగ్గుతూ వస్తే పొలం దక్కినట్టు. తగ్గలేదా, పైన కాంక్రీటు పరిచి శాశ్వతంగా మూసేస్తారు. మామయ్యకి ఈ లోకంలో కావలసింది ఒక్కటే, ఆ నేల మూతపడకూడదు.

మొదటి కోతకి విషం తగ్గింది. నేను ల్యాబులో ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆ తర్వాత ఎన్ని కోతలు కోసినా అంకె కదల్లేదు. యంత్రం సరిచూశాను, నమూనాలు మళ్ళీ తీశాను, పై అధికారితో మాటలు పడ్డాను. అంకె మాత్రం అక్కడే కూర్చుంది.

గడువు ముగిసే ముందు, చివరిసారి పొలానికి వెళ్ళాను. ఎప్పుడూ సాళ్ళలో తీసే మట్టిని ఈసారి సాళ్ళ మధ్య, ఇంకా లోతుగా తీద్దామనిపించింది. మట్టి తీసే గొట్టాన్ని తిప్పి తిప్పి దించి పైకి లాగితే, నల్లగా మెత్తగా కుళ్ళిన కాడలు వచ్చాయి. లోపల తెల్లటి బెండు ఇంకా కనిపిస్తోంది.

"మామయ్యా, ఏంటిది?"

"ఎరువు. కనపడట్లా?"

"పొద్దుతిరుగుడు కాడలేనా?"

"మరి? లారీవాడు వారాల తరబడి రాడు. అంత బలమైన కాడ, కళ్ళ ముందే కుళ్ళిపోతుంటే చేతులు ముడుచుకుని కూర్చోమంటావా? కొంచెం లారీకెక్కించి, మిగతాది కాలువలు తీసి పాతాను. నేల దగ్గర తీసుకున్నది నేలకే ఇవ్వాలని మా నాన్న చెప్పేవాడు. జబ్బుపడ్డ నేలకి ఇంకాస్త ఎక్కువే పెట్టాలి కదా." ఆ మాట ఎంత గర్వంగా అన్నాడో.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మొక్క నేల చేత కక్కించిన విషాన్ని మళ్ళీ నేల నోట్లోనే కుక్కారు మామయ్యా. ఇన్నేళ్ళ పనీ బూడిదలో పోసిన పన్నీరు చేశారు." పెద్దాచిన్నా చూడలేదు, అనేశాను.

ఆయన ఆ కుళ్ళిన కాడని వేళ్ళతో నలిపి చూసుకుంటూ గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయన నా మాటకి ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి. నాకు భయమేసింది.

ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఆ సంగతి బయటపెట్టకమ్మా. విత్తనం వెయ్యాలన్నా, నీళ్ళు పెట్టాలన్నా అందరూ నన్నే అడుగుతారు. ఈ వయసులో తల తీసి మొలేసినట్టవుతుంది."

మా ఆయన కూడా తండ్రి పక్కే. "పోనీవే. మూసేస్తే మూసేశారు. నాన్నని నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?"

గరిట పక్కన పెట్టి చెప్పాను. "నేనైతే చెప్పి తీరతాను. కానీ పొలం సంగతి తేల్చే మీటింగులో ఆ పథకం అధికారి నమ్మడు. మామగారి పొలం కోసం కోడలు కథలల్లుతోందంటాడు. ఎక్కడ పాతారో, ఎంత పాతారో మీ నోటితో మీరు చెప్పాలి మామయ్యా. లేదంటే మొక్కలు పనిచెయ్యలేదని కాంక్రీటు పోసేస్తారు."

ఆయన వినన్నట్టు వెళ్ళిపోయాడు. ఒకే ఇంట్లో ఉంటూ మీటింగు రోజు దాకా నాతో మాట్లాడలేదు.

మీటింగు మునిసిపల్ ఆఫీసు హాల్లో. ప్లాస్టిక్ కుర్చీల్లో చుట్టుపక్కల రైతులంతా కూర్చున్నారు. వాళ్ళ పొలాలూ అదే పథకంలో ఉన్నాయి. అధికారి కళ్ళజోడు తుడుచుకుని తీర్పు చదివేశాడు. "మొక్కలతో ఈ నేల బాగుపడదని తేలిపోయింది. మూసెయ్యడమే మంచిది."

నేను లేచి కుళ్ళిన కాడల సంగతి చెప్పాను. ఆయన చిన్నగా నవ్వాడు. "అది మీ మామగారి పొలమే కదమ్మా?"

నా చెవులు వేడెక్కిపోయాయి. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. మామయ్య లేచి నిలబడ్డాడు.

"కాడలు పాతింది నేను. మొదటి కోత తప్ప, అన్ని కోతలవీ పాతాను. ఏ కాలువలో ఎంత పాతానో వచ్చి చూపిస్తాను, తవ్వుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. "మాకు సేద్యం నేర్పిన పెద్దమనిషి."

మామయ్య అటు తిరగలేదు. "నన్ను చూసి పక్కవాళ్ళూ పాతారు. వాళ్ళనేం అనకండి." నవ్వినవాడు తల దించుకున్నాడు.

అధికారి కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అంటే తప్పు మీదని ఒప్పుకుంటున్నారా?"

"నాదే. అలాగే రాసుకోండి. నేలది మాత్రం కాదు."

నేను పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కోపమో, దుఃఖమో, ఆ మనిషి మీద గౌరవమో, అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి.

కాంక్రీటు ఆగింది. పాతినదంతా తవ్వితీసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలన్నారు.

తవ్వేరోజు మామయ్యే ముందు దిగాడు. చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ. కాలువ వెంబడి పార పెడుతూ, నల్లటి ఎరువు గంపలకెత్తుతున్నాడు. చేతులారా పెట్టినదాన్ని తోడుతుంటే ఆయన మొహం చూడలేకపోయాను. కాసేపటికి పార ఆనించి నిలబడి అడిగాడు.

"నిజం చెప్పు డాక్టరమ్మా. ఇందులో మళ్ళీ తిండిగింజ పండేసరికి నేనుంటానా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎంత చిన్న అబద్ధం, చెబితే ఎవరికేం నష్టం? కానీ అంతమంది ముందు నిజం చెప్పిన మనిషాయన.

"ఉండరు మామయ్యా."

ఆయన తలూపాడు. చెమట తుడుచుకుని మళ్ళీ పార అందుకున్నాడు.

"సరే. గంప ఇటు పట్టు."