చిరివేరు ఎరుపు శాసనం

నేను ఒక రాగి శాసనాన్ని. సంస్థానం కంసాలి నన్ను సుత్తితో సాగగొట్టి, ఉలితో నా ఒంటి మీద రాజుగారి మాట చెక్కాడు. చిరివేరు మొక్క వేళ్లతో బట్టలకు ఎండకూ ఉతుకుకూ వెలవని ఎరుపు వేయడం కనిపెట్టిన సన్యాసమ్మకు ఇచ్చిన హక్కు అది. చివ్వలపేటలో ఆ ఎరుపును ఆమె, ఆమె వంశం తప్ప ఇంకెవరూ వేయకూడదు. సూర్యచంద్రులున్నంత కాలం అని కూడా రాయించారు. మనుషులు తమ మాటలకు సూర్యచంద్రులను ఎంత తేలిగ్గా హామీ పెడతారో!

ఏడాది తిరక్కుండానే సన్యాసమ్మ మనిషి మునిగేంత లోతున్న తన రంగు కాగులోనే బోర్లా తేలింది. "కాలు జారింది, పాపం," అన్నాడు ఆమె దగ్గర పనిచేసే గవరయ్య, అందరికంటే గట్టిగా ఏడుస్తూ. మర్నాడు అతను నన్ను ముట్టుకున్నాడు. మోచేతుల దాకా ఎరుపు. అద్దకం పనివాడి చేతులు ఎర్రగా ఉంటే ఎవరికి అనుమానం? కానీ ఆ వేళ్లు తగిలినప్పటి నుంచీ నాలో ఎవరో నీళ్ల అడుగున మాట్లాడబోయి, ఊపిరందక ఆగిపోతున్నట్టు ఉంటుంది.

గవరయ్యే నాకు చిన్న గుడి కట్టించాడు. "ఇందులో సన్యాసమ్మ ఉంది. ఇక ఈవిడే మన అమ్మోరు," అన్నాడు. ఊరు నమ్మింది. శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమడం, పసుపు, కుంకుమ. ఆడవాళ్లు పోటీపడి నన్ను తళతళలాడించారు. సన్యాసమ్మ పేరును పూజించి పూజించి చెరిపేశారు.

ఆమె మనవరాలు తవిటమ్మ ఎదిగి, మామ్మ కాగు కింద పొయ్యి మళ్లీ వెలిగించింది. గవరయ్య అప్పటికే ఆ ఎరుపు తనదంటున్నాడు. తగవు కొత్త రాజుగారి దివాణానికి చేరింది. గెలిస్తే ఎరుపు తవిటమ్మది. ఓడితే ఊరు విడవాలి.

దివాను నన్ను వెలుతురుకు తిప్పాడు. "రాత ఏదమ్మా?"

"అరిగిపోయింది బాబూ. అమ్మోరని తోమాం."

"అమ్మోరేంటి, ఉత్త రేకు!" గవరయ్య నవ్వాడు. "అంట్లు తోముకునేవాళ్లు దీన్నీ తోమారు. చిత్తగించండి బాబూ, మొహం కనిపిస్తోంది."

సభ గొల్లుమంది. రాత లేని శాసనం చెల్లదన్నాడు దివాను. హక్కు గవరయ్యకు పోయింది, నేను మళ్లీ గుడికి చేరాను.

ఊరు విడిచే రోజు పట్టపగలే తవిటమ్మ నన్ను గుడిలోంచి తీసి కొంగులో చుట్టింది. గవరయ్య మనుషులు భోజనాలకు వెళ్లారు. "మామ్మా, కూర్చుని పూజలందుకుంది చాలు. పోయి పని చూడు," అంటూ నన్ను అతని కాగులోకి జారవిడిచింది.

రాగి తగిలితే చిరివేరు ఎరుపు చచ్చిపోతుంది. అద్దకం వాళ్లు కాగు దగ్గరికి రాగి చెంబు కూడా రానివ్వరు. నేను అడుగున మడ్డిలో పడుకున్నాను. పట్టాభిషేకానికి రాజుగారు కోరిన తలపాగాలు మునిగాయి. ఎండిన నెత్తురు రంగులో పైకి వచ్చాయి. మళ్లీ కొత్తవి ముంచారు. మళ్లీ అదే నెత్తురు.

గవరయ్య కాగు తోడించాడు. మడ్డిలో నేను మెరిశాను.

"రాగి ముక్క పడిందయ్యా. తీసేస్తానుండండి," పనివాడు వంగాడు.

"ముట్టుకోకురా! మట్టి పోయండి. కాగు పూడ్చేయండి!"

తట్టలు వచ్చాయి. మొదటి తట్ట మట్టి నా మీద పడుతుంటే గవరయ్య కాగులోకి తొంగి చూశాడు. మొహమంతా చెమట.

"ఈసారైనా పైకి రాకు, సన్యాసమ్మా," అన్నాడు.

తట్టలెత్తిన చేతులన్నీ ఆగిపోయాయి. అతను ఒక్కొక్కరి మొహమే చూశాడు. చివరికి తనే ఖాళీ తట్ట అందుకుని ముందుకు చాచాడు. అందులో మట్టి వేయడానికి ఒక్కరూ పార ఎత్తలేదు.

సగం మట్టి కింద నేనింకా అక్కడే ఉన్నాను. ఆ కాగును పూర్తిగా పూడ్చినవాడు లేడు, నన్ను బయటికి తీసినవాడూ లేడు. అటుగా వెళ్లేవాళ్లు మాత్రం గొంతు తగ్గిస్తారు.