తేలిక తూటాలు

ఆ ఏడు వేటకు నలభై తూటాలు ఇస్తానని కరామాకు మాటిచ్చాను. తుపాకి మందులో కలపడానికి నా దగ్గరున్న సురేకారం ఇరవై ఎనిమిదింటికే సరిపోయింది. మిగతా పన్నెండూ ఎలా తయారయ్యాయో నాకొక్కడికే తెలుసు.

కరామా మా వాడకు వేట పెద్ద. మా లోయలో ప్రతి వాడకూ ఒక వేట పెద్ద, కొన్ని వలలు, ఒక డప్పు ఉంటాయి. చలి తగ్గుముఖం పట్టగానే మగవాళ్లు వలలు భుజాన వేసుకుని కొండమేకల కోసం పైకెక్కుతారు. కొండమేకపోతు కొమ్ములు లోయలోకి దిగితే వెనకాలే వాన దిగుతుందని మా నమ్మకం. వాగుకు వరద వచ్చి అప్పటికి మూడేళ్లయింది. యుద్ధం మొదలయ్యాక జావా నుంచి ఓడలు లేవు, అక్కడున్న మావాళ్లు పంపే బియ్యమూ లేదు. జనం ఖర్జూరపు గింజలు దంచి పిండిలో కలుపుకుంటున్నారు. ఆ ఒక్క నెలలో మా వాడ నుంచి తొమ్మిది పాడెలు లేచాయి. వాటిలో ఆరు చిన్నవి.

అందుకే ఆసారి వేట వేడుకలా లేదు. పాటలు పాడటానికి కూడా ఎవరికీ గొంతు లేదు.

నేను వర్తకుణ్ణి. కాఫీ గింజలు, ఎండు సొరచేప, గంధకం, తుపాకి మందు అమ్ముతాను. పేల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరించి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ బిగించి, మందు కూరి, సీసపు గుండు పెట్టి మళ్లీ వేటకిచ్చేది నేనే. ఇరవై ఎనిమిదే ఉన్నాయని చెప్తే కరామా పక్క వాడ వర్తకుడి దగ్గరికి వెళ్లేవాడు. ఒకసారి వెళ్లినవాడు మళ్లీ రాడు. అందుకని చివరి పన్నెండింటిలో సురేకారం తగ్గించి బొగ్గు పొడి పెంచాను. బొగ్గు ఎక్కువైన మందు ఒక్కోసారి పేలుతుంది, ఒక్కోసారి తుస్సుమంటుంది. నలభైలో ఏ నాలుగో అయిదో మొండికేస్తే వేట ఆగదని లెక్కవేశాను. అన్నీ ఒకే సంచిలో వేసి ఇచ్చాను.

వేటకు పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా ఇంటి ఆడవాళ్లు కంటికి కాటుక పెట్టరు, తల దువ్వరు, ఎవరితోనూ పోట్లాడరు. వల దగ్గర ఎవరి తుపాకి అయినా మూగబోతే, తప్పు వాడి ఇంట్లో ఉందని అర్థం. మొదట వాడి భార్యనే అడుగుతారు. ఈ కట్టుబాటు నాకు తెలియక కాదు. తూటాలు నింపుతున్నప్పుడు అది నా లెక్కలోకి రాలేదు, అంతే.

వేటకు నేనూ వెళ్లాను. రెండో రోజు పొద్దున ఇరుకు కనుమలో వలలు కట్టాం. మొదటి గుండు హక్కుకు చీటీ వేస్తే అది సబైత్‌కి వచ్చింది. సబైత్ నా చెల్లెలు గనియ్య మొగుడు. మంచి గురి ఉన్నవాడు, కోపం కూడా అంతే సూటిగా ఉంటుంది. అదిలించేవాళ్లు పైనుంచి రాళ్లు దొర్లిస్తూ ఏడు మేకల్ని తోలుకొచ్చారు. ముందు పెద్ద పోతు. దాని కొమ్ములు వంపు తిరిగి దాదాపు వీపును తాకుతున్నాయి. పదిహేను అడుగుల దూరంలో అది ఆగి సబైత్ వైపు చూసింది.

తుపాకి తుస్సుమంది. కాస్త పొగ వచ్చింది. గుండు తుపాకి గొట్టంలోనే ఇరుక్కుంది.

పోతు వల మీదుగా దూకి పోయింది. మిగతావి వెనక్కి తిరిగాయి. పై గట్టు మీదున్నవాళ్లు అందని దూరం నుంచి పదహారు సార్లు కాల్చారు, అన్నీ పేలాయి, ఒక్కటీ తగల్లేదు. ఆ తరవాత కనుమలో దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. వల పట్టుకున్న ముసలివాడు ఒకడు అక్కడే కూలబడి పిడికిళ్లతో నేలను కొట్టాడు. ఇంట్లో వాడి మనవరాలు మూడు రోజులుగా కళ్లు తెరవలేదు.

అదే సంచిలోని తూటాలు అందరి తుపాకుల్లోనూ పేలాయి, సబైత్ దాంట్లోనే పేలలేదు. ఇక ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. అతన్ని దూరంగా కూర్చోబెట్టారు. ఇంట్లో ఏం జరిగిందని కరామా అడిగాడు. సబైత్ చాలాసేపు గొట్టంలోని గుండును ఊచతో పొడుస్తూ కూర్చుని, బయల్దేరే ముందు రోజు గనియ్యతో మాటా మాటా పెరిగిందని చెప్పాడు. వానలు మేక కొమ్ములకు వేలాడుతుంటాయా అని ఆమె అడిగిందట. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంత మాట అన్న మనిషి కాటుక పెట్టుకోకుండా ఉంటుందా అన్న అనుమానం వాళ్ల చూపుల్లో ఉంది.

మధ్యాహ్నం నీళ్ల తిత్తులు నింపుకురావడానికి వేట జట్టులోని ఫరజ్ కిందికి ఊరికి బయల్దేరాడు. సబైత్ అతన్ని ఆపాడు.

“ఇంటికెళ్లి దాంతో చెప్పు. నేనొచ్చేసరికి నా గడపలో ఉండకూడదని. వాళ్లన్న ఇంటికి పొమ్మను.”

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఫరజ్ నా వైపు చూశాడు, నేనేమైనా అంటానేమోనని. నేను లెక్క వేస్తున్నాను. గనియ్య నా ఇంట్లో ఓ నెల ఉంటుంది. మాటలు చల్లారుతాయి. సబైత్ వచ్చి తీసుకుపోతాడు. నాకు ఒక మనిషి తిండి ఖర్చు. అదే మందు సంగతి బయటపడితే లోయలో నా చేతి ఉప్పు కూడా ఎవరూ కొనరు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నోరు మూసుకోవడమే లాభంగా కనిపించింది. ఫరజ్ తిత్తులు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుండగా పంచాయితీ కూర్చుంది. తప్పు తేలకుండా మర్నాడు వల కట్టకూడదు. కట్టకపోతే అందరూ ఉత్త చేతులతో దిగాలి. కరామా చెడ్డవాడు కాదు. కానీ ఆ నెలలో తొమ్మిది గోతులు తవ్వించినవాడు. అతను సబైత్ వైపు చూడకుండా తీర్పు చెప్పాడు. నిప్పు పరీక్ష పెట్టే షేక్ దగ్గరికి గనియ్యను పంపాలి. కాల్చిన కత్తి నాలుకకు తగిలిస్తారు. నాలుక పొక్కితే తప్పు ఆమెది.

నేను ఒకసారి ఆ పరీక్ష చూశాను. ఆ మనిషి తరవాత ఎప్పుడూ సరిగ్గా మాట్లాడలేదు. మూడేళ్లుగా నోట్లో తడి లేని ఊళ్లో ఎవరి నాలుక పొక్కకుండా ఉంటుంది?

నేను లేచి నిలబడి, తప్పు తూటాదని, పన్నెండింటిలో బొగ్గు కలిపానని చెప్పాను.

ఎవరూ నమ్మలేదు. ఒకడు నవ్వాడు కూడా. “చెల్లెల్ని కాపాడుకోవాలనుకుంటే ఏ అన్నయినా ఇదే చెప్తాడు సల్మీన్” అన్నాడు. సంచి విప్పి మందు చూడమన్నాను. మందు ఎప్పుడైనా నల్లగానే ఉంటుంది కదా అన్నారు. నలభై ఏళ్లుగా నా మాటకు బరువుందని అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం నిజం చెప్తున్నప్పుడే అది తేలిపోయింది.

“అయితే కాల్చి చూడండి” అన్నాను. “పెద్దయ్యా, నువ్వే కాల్చు. నీ భార్య పోయి పదేళ్లయింది. ఇంట్లో కూతురు లేదు, కోడలు లేదు. నీ తుపాకి మూగబోతే ఎవర్ని అడుగుతారు?”

కరామా గడ్డం నిమురుకున్నాడు. సంచిలో మిగిలినవి ఇరవై మూడు. ప్రతి తూటా ఎవరో ఒకరి ఇంటి కూడు. చివరికి అన్నాడు: “మూడు. నాలుగోది అడగొద్దు.”

ఆ మూడూ నన్నే ఏరమన్నారు. మందులో సురేకారం బరువు, బొగ్గు తేలిక. మామూలు చేతికి ఆ తేడా తెలియదు, నాకు తెలుస్తుంది. ఒక్కో తూటానే అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. జీవితమంతా నా సరుకు మంచిదవ్వాలని కోరుకున్నవాణ్ణి, ఆ క్షణాన అది పాడైపోయి ఉండాలని దేవుణ్ణి వేడుకున్నాను. మూడు తీసి ఇచ్చాను.

మొదటిది పేలింది. కొండ అంతా మోగింది. ఎవరో నాలుక చప్పరించారు.

రెండోది పేలింది. సబైత్ నన్ను చూస్తున్నాడని తెలుస్తోంది, నేను తల ఎత్తలేదు. మూడోది కరామా చేతిలోంచి వెనక్కి తీసుకున్నాను. ఇంకోసారి తూచాను. దాన్ని పక్కన పెట్టి సంచిలో చెయ్యి పెట్టి వేరేది తీశాను. అదే ఇచ్చాను.

తుస్సుమంది. గొట్టం చివర ఊలు దారమంత పొగ.

కరామా తుపాకిని ఒళ్లో పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకు విషయం అర్థమైంది. నన్ను ఎవరూ కొట్టలేదు. కొట్టడానికి కూడా ఓపిక కావాలి. సబైత్ మాత్రం దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు:

“బావా, మధ్యాహ్నం ఫరజ్ వెళ్తున్నప్పుడు ఎందుకు చెప్పలేదు?”

నా దగ్గర జవాబు ఉంది. లెక్క వేస్తున్నానని చెప్పాలి. చెప్పలేదు.

తీర్పు మారింది. ఆ ఏడు వేటలో నా పొయ్యికి వాటా లేదు. ఇక మీదట వేటకు మందు నేను ఇవ్వకూడదు. వెంటనే కొండ దిగిపోవాలి. నేను లేచేసరికి కరామా సంచి నా ముందుకు తోశాడు. “పోయే ముందు బరువైనవి ఏరి పెట్టు” అన్నాడు. మిగిలిన ఇరవైలో పద్నాలుగు ఏరి ఒక గుడ్డలో కట్టి ఇచ్చాను. అతను ఆ మూటను రెండు చేతులతో పట్టుకున్నాడు.

తెల్లవారేసరికి ఊరు చేరాను. నా భార్య పోయి నాలుగేళ్లు. ఇంటి తాళం చెవి నా మొలకే ఉంటుంది. అది నాకు దారి సగంలో గుర్తొచ్చింది. గనియ్య నా గుమ్మం మెట్టు మీద బట్టల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. రాత్రంతా అక్కడే ఉంది. వాడలో ఎవరూ లోపలికి పిలవలేదు.

జరిగింది దాచకుండా చెప్పాను. కత్తి సంగతి కూడా. ఆమె అడ్డు రాకుండా విని, ఒక్కటే అడిగింది.

“ఫరజ్‌తో ఆయన ఆ మాట చెప్తున్నప్పుడు నువ్వక్కడే ఉన్నావా అన్నా?”

“ఉన్నాను.”

“ఆయనకి తెలీదు. నీకు తెలుసు.”

తాళం తీశాను. ఆమె లోపలికి రాలేదు. మూట విప్పి కాటుక భరిణె తీసింది. మెట్టు మీదే, సందంతా చూస్తుండగా, పుల్ల ముంచి రెండు కళ్లకూ దట్టంగా పెట్టుకుంది. ఎదురింటి ఆడవాళ్లు కిటికీ మూసేశారు.

“గనియ్యా, వద్దు. మగవాళ్లు ఇంకా కొండ మీదున్నారు.”

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. బొగ్గు కలిపిన చేతులు నావి. ఆ తుపాకి ఎందుకు మూగబోయిందో ఈ లోకంలో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అయినా ఆ కాటుక చూసి నాకు ఒళ్లు జలదరించింది. ఆమె నన్ను చూసింది. జాలి పడిందో అసహ్యించుకుందో తెలియలేదు.

ఆ పగలూ మర్నాడూ ఆమె ఆ కాటుక చెరపలేదు. చెరిగినప్పుడల్లా మళ్లీ పెట్టుకుంది. నా ఇంటి పిండి ముట్టలేదు. మూటలో తెచ్చుకున్న ఖర్జూరపు గింజలే దంచుకుంది. వేట దొరక్కపోతే ఆమెకు ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఈసారి చెప్పుకోవడానికి నా దగ్గర బొగ్గు కూడా లేదు. కొండ వైపు చెవి పెట్టి కూర్చున్నాను. డప్పు మోగకుండా దిగితే ఉత్త చేతులతో దిగినట్టు.

మర్నాడు మధ్యాహ్నం డప్పు మోగింది. ముందు గాలేమో అనుకున్నాను. ఆ తరవాత వాడంతా బయటికి పరిగెత్తింది. గనియ్య రోకలి ఆపి విని, మళ్లీ దంచసాగింది.

సాయంత్రం సబైత్ వచ్చాడు. భుజం మీద కొమ్ములు, చేతిలో ఈతాకు చాప ముక్కలో చుట్టిన మాంసం. పోతును కొట్టింది అతనే. ఇంటింటికీ వాటా వేస్తే పిడికెడే వచ్చిందని, ముసలివాడి మనవరాలు అంతకు ముందు రోజే పోయిందని చెప్పాడు. నాతో మాట్లాడలేదు. గుమ్మం వైపు చూసి, “ఇంటికి రా” అన్నాడు.

గనియ్య గుమ్మంలోకి వచ్చింది. అతను ఆమె కళ్లు చూశాడు.

“ఎప్పుడు పెట్టుకున్నావు?”

“నువ్వు దాన్ని కొట్టకముందే. నిన్న పొద్దున్నుంచీ ఉంది.”

అతను భుజం మీది కొమ్ముల్ని తడుముకున్నాడు. అవి అక్కడే ఉన్నాయి. ఆమె లోపలికి వెళ్లిపోయింది. సబైత్ ఆ చాప ముక్కను మెట్టు మీద పెట్టి, సందులో ఎవరికీ ఏమీ చెప్పకుండా కొమ్ములు మోసుకుంటూ వెళ్లిపోయాడు.

నా పొయ్యికి వాటా లేదు కనుక నేను దాన్ని ముట్టలేదు. ఆమె తీసుకోలేదు. చేతిలోకి తీసుకోకుండానే బరువు తెలిసింది, ఇద్దరికి ఒక పూట. ఈగలు ముసురుతున్నాయి. లోపల రోకలి చప్పుడు మళ్లీ మొదలైంది. కొండ మీద ఎక్కడా మబ్బు లేదు.