గోడ మీద లేని బ్రష్షులు

గోడంతా బొమ్మలే! రంపం వెనక రంపం ఆకారం, ఉలి వెనక ఉలి ఆకారం, నల్ల మార్కరుతో గీసేసి ఉన్నాయి. ఎవరైనా ఏదైనా తీసుకెళ్తే దాని ఖాళీ చోటు ఇట్టే తెలిసిపోతుంది, ఇక వెతుకులాటే ఉండదు. కుర్చీలూ బల్లలూ చేసే ఆ వర్క్‌షాపులోకి ఈ పద్ధతి తెచ్చింది ఓనరు కూతురు. మేనేజ్‌మెంటు కోర్సు పూర్తిచేసి ఈమధ్యే వచ్చింది, వచ్చీరాగానే షాపును తలకిందులు చేసేస్తోంది.

ఓనరు బామ్మర్ది పాలిష్ పని చేస్తాడు. గోడను ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాడు. అందరి సామానూ ఉంది. తన బ్రష్షులే లేవు.

"నీ చీటీ చింపేసినట్టే," అన్నాడు పక్కన చిత్రిక పడుతున్న వడ్రంగి, పళ్లన్నీ బయటపెట్టి. "ఓనరు బామ్మర్దివైతే మాత్రం గోడకు మొహమాటం ఉంటుందా?"

"నోర్ముయ్!" అన్నాడు గానీ, అనుమానం పురుగులా తొలిచేస్తోంది. బావ అద్దాల గది తలుపేసుకుని ఫోన్లో గుసగుసలాడుతున్నాడు. నిన్న ఎవరో స్ప్రే పాలిష్ కంపెనీ మనిషి వచ్చి వెళ్లాడు. అక్కని అడిగితే "నాకేం తెలుసురా, ముందు తిన్నావా లేదా?" అని మాట మార్చేసింది. అక్క మాట మార్చిందంటే ఏదో ఉన్నట్టే!

ఇక ఆగలేక మేనకోడలికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమే, నా బ్రష్షులేవే గోడ మీద?"

"గీయడానికి దొరికితేగా మావయ్యా! సాయంత్రం గుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకెళ్లిపోతావు. పొద్దున వస్తే చంకలోంచి దించవు."

అదీ నిజమే. హమ్మయ్య అనుకోబోయాడు. కానీ ఆ పిల్ల తన మొహంలోకి చూడట్లేదు, మార్కరు మూత తీస్తోంది, పెడుతోంది.

"అంతేనా?"

"నాన్న పాలిష్ బయటికిచ్చేద్దామంటున్నారు. నేనే ఆపా. నువ్వు సెలవు పెడితే సరుకంతా ఆగిపోతోంది కదా, లక్క కలపడం ఇంకో ఇద్దరికి నేర్పిస్తే సరిపోతుందన్నా. నువ్వేమో ఎవరికీ కనపడకుండా వీపు అడ్డంపెట్టి కలుపుతావాయె!"

"నేర్పేశాక నాతో పనేముంటుందే?"

"నువ్వుంటావు మావయ్యా."

"ఎవరన్నారు?"

"నేనంటున్నా."

"మీ నాన్న దగ్గర నీ మాట చెల్లుతుందా?"

ఆ పిల్ల అద్దాల గది వైపు చూసింది.

"సరే, అందరి ముందే కలుపుతా," అన్నాడు. "కానీ మీరు నా గురించి మాట్లాడుకునేది కూడా నా ముందే మాట్లాడండి. తలుపేసుకుని కాదు."

మేనకోడలు మార్కరుకి మూత బిగించేసింది. స్టూలొకటి లాక్కెళ్లి, అద్దాల గది తలుపు భుజంతో నెట్టి, తండ్రి బల్లకెదురుగా వేసింది. వెనకే మావయ్య. "ఆ, రేటు ఓకే, మరి ఎప్పట్నుంచి..." అంటున్న బావ బామ్మర్దిని చూసి గతుక్కుమన్నాడు. ఫోను చెవి దగ్గర్నుంచి దించబోయాడు.

"పెట్టెయ్యకు బావా," అని బామ్మర్ది స్టూలు మీద స్థిరంగా కూర్చున్నాడు. "మాట్లాడు. వింటాను."