అమ్మ సిరంజిలో ఇరవై గీతలు

నేను ఒక చిటికెడు పొడిని. వేలెడంత గాజు సీసాలో ఉంటాను. పొడినే గానీ, నీళ్లు కలిపితే పొడుస్తాను. కొవ్వు కరిగించే మందునని నాకు కొవ్వెక్కువే. ఏ ఊళ్లో తయారయ్యానో నా చీటీ మీద లేదు. "పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు" అని మాత్రం ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చీమలు చదివి తప్పుకున్నాయి. మనుషులు చదవలేదు.

కాకినాడలో కిరీటి అనే జిమ్ ట్రైనర్ నన్ను కర్రీ పాయింట్ నడిపే వీరవేణికి అమ్మాడు. పదిమంది ఆకలి మీద బతికే మనిషి, తన ఆకలి చంపుకోవడానికి నన్ను కొనుక్కుంది.

"ఎన్ని కేజీలు తగ్గుతాను తమ్ముడూ?"

"నెలకి ఆరు ఖాయం అక్కా. ఇంకా ట్రయల్స్‌లో ఉంది, బయట దొరకదు."

"సైడ్ ఎఫెక్టులుంటాయా?"

"కొంచెం వికారం. అదొస్తే పనిచేస్తున్నట్టే."

మోతాదు ఎంతో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఫ్రిజ్‌లో గుడ్ల అరలో, ఆమె తల్లి మాణిక్యాంబ ఇన్సులిన్ పక్కన నాకు చోటిచ్చారు. ఆ ఇంట్లో సూది మందంటే ఒకటే కొలత: అమ్మకి పూటకి ఇరవై గీతలు. పన్నెండేళ్లుగా అమ్మకేం కాలేదు కదా అనుకుని, వీరవేణి నాలో కాసిని నీళ్లు కలిపి, అమ్మ డబ్బాలోంచి కొత్త సిరంజి తీసి నన్నూ వారానికోసారి ఇరవై గీతలు లాగింది. నా పక్కనున్న ఇన్సులిన్ వెనక డాక్టరు ఉన్నాడు. నా వెనక కిరీటి నవ్వు ఉంది.

మూడో వారానికి చీరకి రెండు కుచ్చిళ్లు పెరిగాయి. గోంగూర వాసనకే డోకు మొదలైంది.

"కూరలో ఉప్పు మర్చిపోయావేంటమ్మా?" అని రోజూ వచ్చే పెద్దాయన అడిగాడు.

"నోట్లో పెట్టుకుంటే కదా బాబాయ్ తెలిసేది."

నాలుగో వారం పులుసు గిన్నె ముందే కుప్పకూలింది.

మాణిక్యాంబ నన్ను కూర డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

"ఇందులో ఏముంది?" డాక్టరమ్మ అడిగింది.

"సన్నబడే మందంటండి."

"ఎంత ఎక్కించుకుంది?"

"ఇరవై గీతలండి. నాదీ అంతే కదా."

డాక్టరమ్మ నా చీటీ తిప్పి చూసింది. "గీతలు ఒకటే అమ్మా, మందు ఒకటి కాదు. ఇందులో పొడి ఎంతో, నీళ్లెంత కలిపిందో తెలీకుండా ఇరవై అంటే ఎంతో నాకూ తెలీదు."

నాకూ తెలీదు. నాలో ఏముందో నాకే తెలీకుండా ఇంకొకరి లోపలికి వెళ్లి కూర్చున్నాను.

ఇప్పుడు నర్సు బల్ల మీద ప్లాస్టిక్ కవరులో ఉన్నాను. ల్యాబుకి పంపుతారట. చీటీలో రాసినట్టే, చివరికి పరిశోధనకే. ఎదురు మంచం మీద వీరవేణికి సెలైన్ ఎక్కుతోంది. కిడ్నీల సంగతి రేపటి రక్తపరీక్ష చెప్పాలి. మాణిక్యాంబ గంటకోసారి ఆమె మీదికి వంగుతోంది.

"ఆకలేస్తోందేంటే, అమ్మడూ?"

నేను చంపడానికొచ్చిన ఆ ఆకలి కోసమే ఇప్పుడందరూ కాచుకుని ఉన్నారు. వీరవేణి తల అడ్డంగా ఊపింది.