నల్లటేపు కింది దీపం

మూడింటికి మూడూ ఒకే అబద్ధం ఎలా చెబుతాయి, మొదటిది పాతది, పదిహేనేళ్లు పొగలో కాగి మసిబారింది, సరే, రెండవది చవక సరుకు, అదీ సరే, మూడవది తన గోటితో పెట్టె సీలు చీల్చి తీసిన కొత్త సెన్సరు, అదికూడా వచ్చీరాగానే పొగలో ఆక్సిజన్ ఎక్కువ, ఆక్సిజన్ ఎక్కువ అని పాడిన పాటే పాడితే ఇక ఎవరిని నమ్మడం, అనుకుంటూ షెడ్డు మేస్త్రీ రోగులను ఆసుపత్రికి తిప్పే వ్యానులోకి వంగి ముందుసీట్ల మధ్యనున్న ఇంజను మూత ఎత్తాడు, రాత్రి చలి ఇంకా ఇనుములోనే ఉంది, ఎప్పుడూ రోడ్డుమీదినుంచి సలసల కాగుతూ వచ్చే బండి ఇంత చల్లగా తన చేతికి తగలడం ఇదే మొదలు, మొన్న సోమవారం అక్క బండిని తిట్టి డయాలసిస్‌కు రానన్నది కనుకనే కదా డ్రైవరు నిన్న సాయంత్రం దీన్ని ఇక్కడ వదిలి వెళ్లాడు, రేపు బుధవారం ఎనిమిదిన్నరకు వస్తాను మేస్త్రీగారూ, ఈలోగా ఆ దీపం సంగతి తేల్చండి అన్నాడు, దీపం అంటే మీటరు పలకలో ఇంజను బాగాలేదని వెలిగే పసుపుదీపం, నెలరోజుల కిందట వ్యాను ఎక్కినవాళ్లు దాన్ని చూసి భయపడుతున్నారని ఆ డ్రైవరే గోల పెడితే తాను నవ్వుతూ నల్లటేపు ముక్క చింపి దానిమీద అతికించాడు, ఇక భయపడరులే అన్నాడు, ఎవరూ భయపడలేదు, అక్కకు మాత్రం తలనొప్పి తగ్గలేదు.

తొమ్మిదింటికి వ్యాను అక్క గుమ్మం ముందు ఆగాలి, ఆమె ఎక్కుతుందో లేదో ఆ భగవంతుడికే తెలియాలి, వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక విడత మానేశారు, రెండోది కూడా మానితే మా చేతుల్లో ఏమీ ఉండదండీ అని డాక్టరమ్మ ఫోనులో మెల్లగా అన్నది, ఆ మెల్లదనమే తనను ఎక్కువగా భయపెట్టింది, అక్కేమో శనివారం ఇంటి ముందు వ్యాను మెట్టుమీదే తూలి పడబోయి, మంచంమీద కళ్లు మూసుకుని, ఒరేయ్ చిన్నోడా, వాళ్లు నాలుగు గంటలు నా రక్తం ఉతికి పంపుతారు, మీ వ్యాను అరగంటలో మళ్లీ మురికి చేసి ఇంటికి తెస్తుంది, ఇంకెందుకురా ఈ ఉతుకుడు అన్నది, తాను ఆమె పాదాలు ఒత్తుతూ, వ్యానేం చేసిందక్కా, సూదుల నీరసం, పైగా వయసు అన్నాడు, వయసా, నాకంటే నువ్వు నాలుగేళ్లే చిన్నవాడివి, నీకెందుకు రాలేదురా ఈ తలనొప్పి అని మూసిన కళ్లతోనే నవ్వింది, డ్రైవరునడిగితే నాకేమండీ, దుక్కలా ఉన్నాను అన్నాడు, వానైనా ఎండైనా కిటికీ దించి మోచెయ్యి బయటపెట్టి నడిపే మనిషి, తక్కిన ఇద్దరు రోగులూ వెనకసీట్లలో కూర్చుని తిరిగివచ్చేటప్పుడు సగం దారిలోనే దిగిపోతారు, కనుక అందరూ బాగున్నారు, ఒక్క అక్కకే బాగోలేదు, అంటే తప్పు అక్కలోనే ఉందని తాను తీర్పు చెప్పేశాడు.

సెన్సరు విషయంలోనూ తీర్పు అలాగే చెప్పాడు కదా, నిన్న బండి వేడిగా ఉండగానే గాలిగొట్టంలోకి కాస్త గ్యాసు వదిలి చూశాడు, సెన్సరుకు తగిలించిన మీటరు ముల్లు వెంటనే గంతేసింది, చచ్చిన సెన్సరు అలా గంతులెయ్యదు, తీగలు సరిగానే ఉన్నాయి, కొత్త సెన్సరు పనిచేస్తున్నది, పనిచేస్తూనే ఆక్సిజన్ ఎక్కువ అంటున్నది, అయినా తాను నమ్మలేదు, తాళంచెవి తిప్పాడు, ఇంజను ఒక్క వణుకు వణికి అందుకుంది, ఇక అది వేడెక్కేదాకా ఐదు నిమిషాలు పని లేదు, వేడెక్కనిదే సెన్సరు పలకదు, నలభై ఏళ్లుగా తన పద్ధతి ఇదే, ఇంజను వదిలి ఎదురు కొట్టుకు పోయి టీ తాగి రావడం, ఇవాళ కాళ్లు కదలలేదు, అక్క వస్తుందా రాదా అన్న ఆలోచన భుజాలమీద చెయ్యివేసి అక్కడే నిలబెట్టింది, అలా తల వంచుకుని నిలబడ్డవాడికి టక్కు, టక్కు, టక్కు, ఎవరో పెద్దావిడ నాలుక చప్పరించినట్టు వినబడింది.

పొద్దున్నే వ్యానులో ఏదో నాలుక చప్పరిస్తోందిరా అని అక్క అన్నది ఎన్నాళ్ల కిందట, నెలా, రెండు నెలలా, తక్కినవాళ్లకోసం డ్రైవరు తలుపులు తడుతుంటే నేనొక్కదాన్నే కూర్చుని వింటాను, కాసేపటికి మానేస్తుంది అన్నది, తాను కంచంలోంచి తలెత్తకుండానే, నీ చెవుల్లో ఇంకా కుట్టుమిషను తిరుగుతోందక్కా అన్నాడు, మిషను తిరిగిన చెవులేరా ఇవి, నట్టు వదులైతే పక్కగదిలోంచి చెప్పేదాన్ని అన్నది, నిజమే, చెప్పేది, పదేళ్ల వయసులో తాను ఆ మిషను కిందే కూర్చుని ఏ చప్పుడు సూదిదో, ఏ చప్పుడు పట్టీదో ఆమె దగ్గరే నేర్చుకున్నాడు, చెవి పెట్టి వినరా, చెయ్యి తరువాత పెట్టుదువుగాని అనేది, తాను లోకానికి మేస్త్రీ అయ్యాక ఆ మాట మరిచాడు, తలనొప్పి మొదలైనదీ ఆ చప్పుడు మొదలైన రోజుల్లోనే కదా, అప్పుడే కదా, టక్కు, టక్కు, అదిగో నెమ్మదిస్తోంది, వేడికి ఇనుము ఉబ్బి గొంతు మూసుకుంటోంది, చప్పుడు పోయింది, సందు మాత్రం పూర్తిగా పోదు.

తాళంచెవి వెనక్కి తిప్పి టార్చి వేశాడు, పొగగొట్టాలు ఇంజనును కలిసేచోట వెంట్రుకమందాన పగులు, దాని పొడవునా కాటుక దిద్దినట్టు మసి, వేలు పెడితే వేలు నల్లబడింది, ఆ పగులులోంచి పొగ విసురుల మధ్య బయటిగాలి లోపలికి పోతోంది, అందుకే సెన్సరు ఉన్న ఆక్సిజన్‌ను ఉందని చెప్పింది, ఆ పగులులోంచే పొగ బయటికి వస్తోంది, వచ్చి ఎక్కడికి పోతుంది, చెయ్యి దానంతటదే పైకి వెళ్లి ఇంజను మూత అంచు తడిమింది, రబ్బరు పట్టీ సగానికిపైగా అరిగి రాలిపోయింది, ఆ పక్కనే అక్క సీటు, డయాలసిస్ తరువాత ఒళ్లంతా చలేస్తుందని ఆమె అడిగి మరీ ఆ సీటే తీసుకుని, వెచ్చగా ఉంటుందని పాదాలు ఆ మూతకు ఆనించి కూర్చుంటుంది, వాసనకు కూడా పట్టుబడని కార్బన్ మోనాక్సైడ్ విషం అది, రక్తంలోనే కలుస్తుంది, వ్యాను మళ్లీ మురికి చేసి తెస్తుంది, అయ్యో, ఆమె మాట్లాడింది వేళాకోళం కాదు, అక్షరాలా జరిగినదే.

డ్రైవరుకు ఫోను చేసి ఇవాళ ఎవరినీ ఎక్కించవద్దు, బండి కదలదు అన్నాడు, అదేమిటండీ, మరి అమ్మగారు అంటే, అమ్మగారిని నేను టాక్సీలో తీసుకువెళతాను, ఆ ఇద్దరికీ కూడా వేరే బండి చూడు, వాళ్లకేమైనా తలనొప్పులుంటే డాక్టరమ్మకు చెప్పమను అన్నాడు, తరువాత అక్కకు చేశాడు, ఏమిట్రా పొద్దున్నే, నేను రానని చెప్పానుగా అన్నది, అక్కా, నువ్వు చెప్పిన చప్పుడు ఇప్పుడే విన్నాను అన్నాడు, ఇన్నాళ్లకా అన్నది, తప్పు బండిదే అక్కా, నీది కాదు, నీ ఒంటిది కాదు, ఇవాళ వేరే బండిలో వెళదాం, డాక్టరమ్మకు అన్నీ నేనే చెబుతాను అన్నాడు, సరే, స్వెట్టరు వేసుకుని ఉంటాను, ఆలస్యం చెయ్యకు, నీ టీలు తరువాత తాగుదువుగాని అన్నది.

మసివేలితోనే మీటరు పలకమీది నల్లటేపు ఊడదీశాడు, తాళంచెవి ఒక్క మెట్టు తిప్పాడు, పసుపుదీపం నెలరోజులుగా ఎవరూ చూడకపోయినా తన పని మానని సాక్షిలా నిశ్చలంగా వెలిగింది, దాన్ని ఆర్పాలనిపించలేదు, చేతులు తుడుచుకుంటూ దాని ఎదుట నిలబడ్డాడు, వేడెక్కేదాకా సెన్సరు పలకదన్నది నిజమే, తన పద్ధతిలో అబద్ధమేమీ లేదు, కానీ సెన్సరు పలకలేని ఆ ఐదు నిమిషాల గురించి పలికింది అక్క ఒక్కతే, ఆ ఐదు నిమిషాలూ రోజూ టీకి వెళ్లిపోయింది తాను.