తెర మీద నా సవతి

నేను గంటనే గానీ గుడిలో మోగినదాన్ని కాను. పీచుమిఠాయి అమ్మే సూరప్పడి చేతిలో వీధివీధీ తిరిగిన ఇత్తడి గంటను. పోతపోసిన కొత్తలో నా గొంతు ఖంగుమనేది. ఒకనాడు వాకిట్లో ముగ్గు వేస్తున్న అప్పలకొండను చూసి సూరప్పడు నన్ను చేజార్చాడు. రాతిమెట్టు మీద పడి నా అంచు పగిలింది. ఆవిడ అతనికి పెళ్లామైంది, నేను బొంగురుపోయాను. ఆవిడంటే నాకు ఒళ్లుమంట ఆనాడే మొదలైంది.

సూరప్పడు పోయాక ఆవిడ నన్ను పట్నంలో మ్యూజియానికి ఇచ్చేసింది. వాళ్లు నా నాలుకకు గుడ్డ చుట్టి అద్దాల పెట్టెలో కూర్చోబెట్టారు. పీడ వదిలించుకుందనుకున్నాను. కానీ ప్రతి బుధవారం బస్సెక్కి వచ్చి నా ఎదుట కూర్చునేది. వస్తే చిరాకు, రాకపోతే దిగులు. నా బుద్ధి అలాంటిది మరి.

అంతలో హిమజ అనే అమ్మాయి, మ్యూజియాన్ని ఫోన్లలోకి ఎక్కిస్తానంటూ నా చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది. కొన్నాళ్లకు నా పక్కనే ఒక తెర వెలిసింది. అందులో అచ్చం నాలాంటిదే, తళతళలాడుతూ! వేలు తగిలిస్తే గిర్రున తిరుగుతుంది, మోగుతుంది, సూరప్పడి కథ చెబుతుంది. పిల్లలంతా దాని చుట్టూనే. నా అద్దం మీద మాత్రం 'తాకరాదు' అని రాశారు. తిరిగిన వీధులు నావి, పేరు దానిది. దాని కులుకు చూస్తే నాకు కడుపు రగిలిపోయేది.

ఒక బుధవారం హిమజ పక్కనుండగా అప్పలకొండ తెర నొక్కింది. ఖంగుమంది. ఎక్కడిదో గుడిగంట చప్పుడు అతికించారు.

"ఇది మాది కాదమ్మా. మా గంట బొంగురుగా మోగతాది. సాయంత్రం ఆ సప్పుడు ఇనే గదా నాను గుమ్మంలోకి ఒచ్చీదాన్ని!"

"అయ్యో! అయితే దీని గొంతే రికార్డు చేద్దాం. మీరే మోగించండి అమ్మమ్మా," అంటూ హిమజ గుడ్డ విప్పి నన్ను ఆవిడ చేతికిచ్చింది.

ఎన్నాళ్లకో మోగాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. గెలిచాననుకుని తెరకేసి మిడిసిపడ్డాను.

ఆ గొంతు తీసి దానికే పెట్టారు. "ఇక బస్సెక్కి రానక్కర్లేదు, ఇంట్లోనే వినొచ్చు," అంటూ హిమజ అప్పలకొండ ఫోన్లో కూడా ఎక్కించింది. ఆవిడ సంబరపడిపోతూ వెళ్లింది.

నాకు మళ్లీ గుడ్డ చుట్టారు. బుధవారాలు వస్తున్నాయి గానీ అప్పలకొండ రావడం లేదు. పక్కన తెర నా గొంతుతో మోగుతూనే ఉంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఇప్పుడు నేను గుమ్మం వైపు చూస్తున్నాను.